నూట నలభై ఏడో నంబరు కుర్చీ

ఆ ఊళ్లో ఓ సరస్సుంది. సరస్సు చుట్టూ ఎప్పుడో పోయిన డబ్బున్న మారాజుల మేడలున్నాయి. బతికున్నవాళ్లలో సగం మంది ఆ మేడల్ని ఊడ్చి, తుడిచి, కాపలా కాసి పొట్టపోసుకుంటారు. మిగతా సగం మంది ఆ మేడల బొమ్మలున్న కప్పులు, తాళంగుత్తులు అమ్ముకుంటారు. పొద్దున్న తొమ్మిదింటికి బస్సులు దిగుతాయి. మూడు మేడలు, ఒక మ్యూజియం, ఒక పూలతోట, పడవ షికారు, అన్నీ కలిపి నాలుగు గంటల్లో తేల్చేస్తారు. ఏం చూశారో ఇంటికెళ్లి ఫోటోలు చూసుకుంటే గానీ వాళ్లకీ తెలీదు.

మూడు మేడల్లోకి పెద్దది షావుకారు మేడ. పడవల వ్యాపారం చేసి గడించాడట ఆ మహానుభావుడు. పైఅంతస్తులో సరస్సు వైపున్న గది ఆయన భార్యది. మంచం, నిలువుటద్దం, రాతబల్ల, గోడలకి పట్టుగుడ్డ. ఆ గదికి కాపలా మన పిన్ని. అసలు పేరు జీతం కాగితం మీద ఉంటుంది కానీ, సూపరింటెండెంటు దగ్గర్నుంచి తోటమాలి దాకా అందరికీ ఆవిడ పిన్నే. తనకంటే పదేళ్లు పెద్దయిన టిక్కెట్ల గుమాస్తా కూడా పిన్నీ అనే పిలుస్తాడు. ఆయనకి వయసు దాచుకోవడానికి అదో మార్గం.

పిన్ని ఉద్యోగమల్లా మూడు మాటలు. "ముట్టుకోకండి." "మంచం మీద కూర్చోకండి." "బాత్రూం కింద, మెట్ల పక్కన." ఇరవై రెండేళ్లలో షావుకారు గురించి అడిగినవాళ్లకంటే బాత్రూం గురించి అడిగినవాళ్లే ఎక్కువ. పిన్నికి దాని మీద కోపమేమీ లేదు. షావుకారు ఎప్పుడో పోయాడు, ఇది ఇప్పటి అవసరం కదా అంటుంది.

ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో పిన్నికి ఒక కుర్చీ ఇచ్చారు. ఇనుప కుర్చీ. పిన్ని పొట్టిమనిషి. అందులో కూర్చుంటే కాళ్లు నేలకి ఆనేవి కావు. నాలుగు రోజులకే పిక్కలు పట్టేసి ఇంటికెళ్లి గోల పెట్టింది. వాళ్లాయన వడ్రంగి. మేస్త్రీ అంటారు అందరూ. ఆ రోజుల్లోనే మేడకి మరమ్మతులు జరుగుతూ, పాత కిటికీ చట్రాలు పీకి వెనక తోటలో గుట్టగా పోశారు. మేస్త్రీ వాటిలోంచి నాలుగు మంచి చెక్కలు ఏరుకొచ్చి, పెళ్లాం మోకాలి ఎత్తు జానతో కొలుచుకుని, రెండు రోజుల్లో ఓ కుర్చీ చేసి పడేశాడు. పొట్టి కాళ్లు, వెడల్పు చేతులు, వీపుకి కాస్త వంపు. ఇనుప కుర్చీ పాత సామాన్లలోకి పోయింది. పిన్ని ఈ కొత్తదాని మీద పూల గలీబు తొడిగిన మెత్త వేసుకుని, తలుపు పక్కన కూర్చుని, ఆ గదిని ఇరవై రెండేళ్లు ఏలింది.

ఇక అసలు సంగతికొద్దాం. పోయిన ఏడాది పిన్నికి జ్వరం తగిలి నాలుగు రోజులు సెలవు పెట్టింది. వెళ్తూ వెళ్తూ మెత్తని ఉతకడానికి ఇంటికి పట్టుకెళ్లింది. సరిగ్గా ఆ నాలుగు రోజుల్లోనే రాజధాని నుంచి జాబితా వాళ్లు దిగారు. మేడల్లో ఉన్న ప్రతి వస్తువుకీ నంబరు వేసి, చీటీ కట్టి, పుస్తకంలో ఎక్కించడం వాళ్ల పని. వాళ్లకో పెద్ద. కళ్లజోడు నుదుటి మీద, చేతులకి తెల్ల తొడుగులు, జేబులో టార్చిలైటు. మనం నిపుణుడు అనుకుందాం, ఆయన కూడా అదే అనుకుంటాడు. ఆ నిపుణుడు గదిలోకొచ్చి, మంచానికో నంబరు, అద్దానికో నంబరు వేసి, తలుపు పక్కకి తిరిగి చూసేసరికి బోసిగా ఓ కుర్చీ కనపడింది. టార్చి వేశాడు. వేలితో గీరాడు. వాసన చూశాడు.

"నూట యాభై ఏళ్ల కర్ర!" అన్నాడు.

కర్ర మాట నిజమే కదా మరి. కుర్చీ మాట ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. అక్కడున్న గైడుకి ఆ కుర్చీ ఎవరిదో తెలుసు, కానీ నిపుణులు మాట్లాడేటప్పుడు అడ్డు రావడం ఆరోగ్యానికి మంచిది కాదని కూడా తెలుసు. కుర్చీకి నూట నలభై ఏడో నంబరు పడింది. చుట్టూ అడ్డుతాడు కట్టారు.

అయిదో రోజు పొద్దున్న పిన్ని ఉతికిన మెత్త సంకలో పెట్టుకుని వచ్చి చూసుకుంటే, తన కుర్చీ తాడు అవతల ఉంది. కుర్చీ చేతి మీద ఓ అట్టముక్క. "ముట్టుకోరాదు."

పిన్ని నేరుగా సూపరింటెండెంటు గదికి వెళ్లింది. "సార్, అది నా కుర్చీ."

"నాకు తెలుసు పిన్నీ," అన్నాడు సూపరింటెండెంటు. పాపం మంచివాడే. మంచివాళ్లంతా ఎందుకో కాగితాలకే భయపడతారు. "నువ్వు దాంట్లో కూర్చోగా పదేళ్లుగా చూస్తున్నాను. కానీ పుస్తకంలో ఎక్కిపోయింది. ఎక్కినదాన్ని దించాలంటే కమిటీ రావాలి."

"ఎప్పుడొస్తుంది?"

"అది కమిటీని అడగాలి."

"పోనీ ఇంకో కుర్చీ ఇప్పించండి."

సూపరింటెండెంటు రెండు రోజులు పుస్తకాలు తిరగేసి, పిన్నిని పిలిపించి విచారంగా చెప్పాడు. ఆ గదికి ఒక కుర్చీ మంజూరైంది, ఒక కుర్చీ ఉంది. రెండోది అడిగితే మొదటిదేమైందని అడుగుతారు. మొదటిది పిన్ని కూర్చునేది అని రాస్తే, దానికి నంబరు ఎలా వేశారని అడుగుతారు. ఇంటి నుంచి తెచ్చుకుంటానంటే, బయటి సామాను గదిలో పెట్టకూడదని కొత్త ఉత్తర్వు. గోడకి ఆనుకోవడానికి వీల్లేదు, పట్టుగుడ్డ పాతది. కిటికీ గట్టు మీద కూర్చోవడానికి వీల్లేదు, గట్టుకి నూట యాభై మూడో నంబరు. గది వదిలి బయట కూర్చోవడానికి అసలే వీల్లేదు, అది కాపలా. అంటే పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం ఆరింటి దాకా పిన్ని నిలబడాలి. అప్పటికి పిన్నికి యాభై ఎనిమిదేళ్లు. మోకాళ్లు అరిగిపోయాయని డాక్టరు మూడేళ్ల కిందటే చెప్పాడు. పింఛను రావాలంటే ఇంకా రెండేళ్లు లాగాలి. మధ్యలో మానేస్తే ఇరవై రెండేళ్ల కొలువూ గంగలో కలిసినట్టే.

ఆ రోజు ఇంటికొచ్చి కాళ్లు బారజాపుకుని, జరిగిందంతా మొగుడికి చెప్పింది. ఆయన ఫక్కున నవ్వుతాడనుకుంది, లేకపోతే వాళ్లని నాలుగు తిడతాడనుకుంది. ఆయన ఏదీ చేయలేదు.

"నూట యాభై ఏళ్లదన్నాడా?" అన్నాడు.

"ఆఁ, అన్నాడు, వాడి మొహం."

"పనితనం గురించి ఏమైనా అన్నాడా?"

ఇక్కడ మేస్త్రీ గురించి కాస్త చెప్పుకోవాలి. ఆయనకి ముక్కు మీద కోపం, నెత్తి మీద అహం, చేతిలో ఉలి. నలభై ఏళ్లు వడ్రంగం చేశాడు, ఒక్కసారైనా తప్పు ఒప్పుకున్న పాపాన పోలేదు. బల్ల ఊగుతోందయ్యా అంటే మీ నేల వంకర అనేవాడు. తలుపు పట్టడం లేదంటే మీ గోడ వంకర. గోడ కట్టిన తాపీమేస్త్రీ పక్కనే నిలబడి వాదిస్తే, అప్పుడు ఊరే వంకర. తన పనిలో మేకు గానీ స్క్రూ గానీ కనపడదని ఒట్టేసి చెప్పేవాడు. వీధిలో ఎవరూ పెద్దగా మెచ్చుకున్నదీ లేదు, డబ్బు తక్కువ తీసుకుంటాడని పిలిచేవాళ్లు, అంతే. రెండేళ్ల కిందట చేతులు వణకడం మొదలైంది. ఉలి పట్టుకుంటే గీత పక్కకి పోయేది. దుకాణం మూసేశాడు. అప్పట్నుంచీ కిటికీ దగ్గర కూర్చుని, దారినపోయే ప్రతి బండికీ చక్రం సరిగ్గా లేదని చెబుతూ కాలం గడుపుతున్నాడు.

అలాంటి మనిషి మర్నాడే గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, టిక్కెట్టు కొనుక్కుని షావుకారు మేడ ఎక్కాడు. సిబ్బంది ఇంటివాళ్లు ఊరికే లోపలికి రావచ్చు. ఆయన ససేమిరా అన్నాడు, దర్జాగా టిక్కెట్టు చింపించుకునే వచ్చాడు.

సరిగ్గా అప్పుడే గైడు ఓ గుంపుని తోలుకొచ్చాడు. గడగడా చెప్పుకుపోతాడని ఆయన్ని గడగడ అంటారు. గడగడకి నిపుణుడు ఒక పిడికెడు సమాచారం ఇచ్చి పోతే, గడగడ దాన్ని బస్తా చేశాడు.

"ఇదిగో చూడండి, ఎంత పొట్టిగా ఉందో! ఎందుకంటారు? కిటికీలోంచి బయటివాళ్లకి తల కనపడకుండా, షావుకారు భార్య ఇందులో కూర్చుని, సరస్సు మీద భర్త పడవ కోసం ఎదురుచూసేది. ఆ కుడిచేయి మీద నునుపు చూశారా? ఏళ్ల తరబడి చెంప ఆనించి ఏడ్చిన గుర్తు!"

కుడిచేయి మీది నునుపు పిన్ని మోచేతిది. ఇరవై రెండేళ్లు ఆ మోచేయి ఆనించుకుని ఆవులించింది. పిన్ని తలుపు పక్కన నిలబడి పళ్లు కొరుక్కుంది. గుంపులో ఇద్దరు ఆడవాళ్లు ముక్కులు తుడుచుకున్నారు.

"చేసినవాడి పేరు మనకి తెలీదు," అని గడగడ గొంతు తగ్గించాడు. "కానీ నిపుణులేమన్నారో తెలుసా? ఎక్కడా మేకు లేదు, స్క్రూ లేదు. ఇలాంటి చెయ్యి ఈ కాలంలో పుట్టదు అన్నారు."

మేస్త్రీ గుంపులో చివర నిలబడ్డాడు. వణికే చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని, ఆ మాట విన్నాడు. ఆయన మెడ మెల్లగా నిటారైంది. పిన్ని చూసింది. పెళ్లినాడు కూడా ఆ మెడ అంత నిటారుగా లేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన ఇంట గెలవలేదు, వీధిలో గెలవలేదు, తిన్నగా చరిత్రలో గెలిచాడు, అది కూడా పేరు లేకుండా. అక్కడితో ఆగాడా? ప్రతి ఆదివారం టిక్కెట్టు కొనడమే. తాడు దగ్గర నిలబడి పక్కవాళ్లతో, "ఆ వంపు చూశారా, అది చిత్రిక పట్టేటప్పుడు ఊపిరి బిగబట్టి తీయాలి," అనడమే. వాళ్లు మీరు కూడా వడ్రంగేనా అంటే, "ఏదో కొద్దిగా," అని సిగ్గుపడడం. ఆ సిగ్గు చూసి పిన్నికి ఒళ్లు మండిపోయేది. ఈలోగా కుర్చీకి పేరొచ్చింది. కిందనున్న దుకాణంలో ఏడుపు కుర్చీ బొమ్మతో కార్డులు, కప్పులు వచ్చాయి. జనం మంచాన్నీ అద్దాన్నీ వదిలేసి, ఏడుపు కుర్చీ ఎక్కడ అని అడగసాగారు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి బాత్రూం రెండో స్థానానికి దిగింది.

మూడు నెలలకి పిన్ని కాళ్లు సాయంత్రానికి కుండల్లా అయిపోతున్నాయి. చెప్పులు పట్టడం మానేశాయి. మెట్లు దిగేటప్పుడు పక్కకి తిరిగి, ఒక్కో మెట్టూ రెండు కాళ్లతో దిగేది. ఒకరోజు ఇల్లు చేరి గుమ్మంలోనే కూలబడింది. మేస్త్రీ వేడినీళ్ల సంచి తెచ్చి మోకాళ్ల మీద పెట్టాడు.

"ఏవండీ," అంది పిన్ని, "మీరొచ్చి సూపరింటెండెంటుతో ఒక్క మాట చెప్పండి. నేను చేశానని చెప్పండి. చేసినవాడే చెబితే వాళ్లు ఏదోటి చేస్తారు."

మేస్త్రీ సంచి సర్దాడు. "రెండేళ్లే కదే. కళ్లు మూసుకుంటే అయిపోతాయి."

"ఎవరి కళ్లు? కళ్లు మూసుకుని నిలబడితే ఉద్యోగం పీకుతారు."

"నువ్వు అర్థం చేసుకోవు. నేను చేశానంటే రేపట్నుంచి అదొట్టి కుర్చీ. పెళ్లాం కోసం మొగుడు చేసిన కుర్చీ. ఎవడు చూస్తాడే దాన్ని?"

పిన్నికి తిక్క రేగింది. "ఓహో! అయితే ఎప్పుడో పోయిన షావుకారు పెళ్లాం దాంట్లో ఏడవాలి, బతికున్న మీ పెళ్లాం దాని పక్కన నిలబడి ఏడవాలి. మీ పేరు కోసం నా మోకాళ్లు తాకట్టు. పోనీ మీ పేరేమైనా ఉందా దాని మీద? అదీ లేదు!"

ఆ మాట ఆయనకి ఎక్కడో తగిలింది. సంచి అక్కడే పడేసి లేచిపోయాడు. వారం రోజులు ఇద్దరికీ మాటల్లేవు. ఉప్పు కావాలంటే గోడకి చెప్పుకోవాలి, గోడే అందించాలి. ఆ కోపంలోనే పిన్ని తన చేత్తో అర్జీ రాసి, కుర్చీ తన భర్త చేసినదని, కమిటీ వచ్చి తేల్చాలని సూపరింటెండెంటుకి ఇచ్చింది. ఆయన దాన్ని రాజధానికి పంపాడు. రాజధానివాళ్లు దాన్ని చదివారో లేదో గానీ, కమిటీ మాత్రం వస్తున్నట్టు ఉత్తరం వచ్చింది. కుర్చీ తేల్చడానికి కాదు. కుర్చీని జాతీయ సంపద జాబితాలో ఎక్కించి, అద్దాల పెట్టెలో పెట్టడానికి.

"ఒకసారి అద్దాల్లోకి వెళ్లిందంటే ఇక బ్రహ్మదేవుడు కూడా బయటికి తీయలేడు పిన్నీ," అన్నాడు సూపరింటెండెంటు. "చెప్పుకోవాలంటే ఆ రోజే చెప్పుకో. వాళ్లు నిన్ను అడిగేలా చేస్తాను. అంతకంటే నా వల్ల కాదు."

కమిటీ ఆదివారం వచ్చింది. నిపుణుడు, ఆయన వెనక ఇద్దరు, వాళ్ల వెనక పత్రికవాళ్లు. తాడు అవతల సందర్శకులు గదంతా నిండారు. పిన్ని తలుపు పక్కన నిలబడి, చెప్పాల్సిన మాటలు మనసులో మూడోసారి వల్లె వేసుకుంది. నిపుణుడు తొడుగులు వేసుకుని కుర్చీ చుట్టూ తిరిగి, కర్ర గురించి ఒక పావుగంట, పనితనం గురించి ఒక పావుగంట మాట్లాడాడు. తర్వాత సూపరింటెండెంటు దగ్గి, "ఈవిడ ఇరవై రెండేళ్లుగా ఈ గదిలోనే ఉంటోంది సార్," అన్నాడు.

నిపుణుడు పిన్ని వైపు తిరిగాడు. "మంచిది. చెప్పండమ్మా. మీరు చేరినప్పుడు ఈ కుర్చీ ఇక్కడే ఉందా?"

పిన్ని నోరు తెరిచింది. అప్పుడు కనపడ్డాడు మొగుడు. సందర్శకుల్లో రెండో వరసలో ఉన్నాడు. పెళ్లిళ్లకి వేసుకునే కోటు వేసుకున్నాడు. తల నున్నగా దువ్వుకున్నాడు. చేతులు జేబుల్లోనే ఉన్నాయి. పెళ్లాం ఏం చెప్పబోతోందో ఆయనకి తెలుసు. అయినా వచ్చాడు, ఆఖరుసారి విందామని వచ్చాడు. పిన్ని ఆ ముసలి మొహం వైపు చూసింది. నలభై ఏళ్లు ఊరంతా బల్ల ఊగుతోందనే అన్నారు ఈయన్ని. ఈ ఒక్క గదిలోనే బాగుందన్నారు. అది కూడా నేనే లాక్కోవాలా అనుకుంది.

"ఉంది సార్," అంది. "నేను వచ్చేసరికే ఉంది."

నిపుణుడు తృప్తిగా తల ఆడించి, కాగితం మీద సంతకం పెట్టడానికి కలం తీశాడు. పిన్నికి ఒక్కసారిగా రెండేళ్లూ కళ్ల ముందు నిలబడ్డాయి, అవి కూడా కూర్చోకుండా. ఎడమ మోకాలు జారింది. పడిపోకుండా తలుపు పట్టుకుంది.

"అమ్మా, ఆ తలుపు ముట్టుకోకండి," అన్నాడు నిపుణుడు.

అంతే. సందర్శకుల్లోంచి మేస్త్రీ తాడు ఎత్తి లోపలికొచ్చేశాడు.

"నా పెళ్లాం అబద్ధం చెప్పిందయ్యా," అన్నాడు. "ఈ కుర్చీ నేను చేశాను. దీని కోసం చేశాను. కిటికీ చట్రం చెక్కలు."

గదంతా గుసగుసలు. నిపుణుడు జాలిగా నవ్వాడు. పేరున్న వస్తువు దగ్గరికి ఇలాంటి ముసలాళ్లు వస్తూనే ఉంటారు అన్నట్టు చూశాడు. "తాతగారూ, మీ అభిమానం అర్థమైంది. కానీ చూడండి, ఎక్కడా ఒక్క స్క్రూ లేదు. ఈ కాలంలో ఇలా ఎవరు చేస్తారు?"

మేస్త్రీ కుర్చీ దగ్గరికి నడిచాడు. పిన్నికి ఆయన మొహం ఎర్రబడడం కనపడింది. మొదట కోపమనుకుంది. కాదు. సిగ్గు. నిజమైన సిగ్గు.

ఆయన కుర్చీ ఎత్తి తిరగేశాడు. నిపుణుడు కెవ్వుమన్నాడు. మేస్త్రీ జేబులోంచి చిన్న చాకు తీసి, వెనక ఎడమకాలు సీటులోకి దిగే చోట, కర్ర రంగులో కలిసిపోయిన చిన్న బిరడా లాంటి ముక్కని గుచ్చాడు. చెయ్యి వణికింది. మొదటిసారి చాకు జారింది, రెండోసారీ జారింది. పిన్ని కుంటుకుంటూ వెళ్లి ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుంది. మూడోసారికి బిరడా ఊడొచ్చింది. లోపల చిటికెడు జిగురూ రంపప్పొట్టూ, మధ్యలో మిలమిలా మెరుస్తూ కొత్తరకం స్క్రూ. తలకాయ మీద ప్లస్ గుర్తు గంటు కూడా ఉంది.

"రెండు రోజుల్లో చేశాను," అన్నాడు మేస్త్రీ తల దించుకుని. "అప్పటికే దీనికి కాళ్లు నొప్పులు. తొందరపడ్డాను. ఆ కాలు పొట్టిగా కోశాను. ఇంకో చెక్క లేదు. పొట్టు కూరి, స్క్రూ బిగించి, కప్పెట్టాను. తప్పు నాదే. నా చెయ్యే సరిగ్గా కోయలేదు. కర్ర తప్పు కాదు, నేల తప్పు కాదు." నిపుణుడి వైపు తిరిగి, "మీరు మెచ్చుకుంటుంటే వినాలనిపించి ఊరుకున్నాను. ఇది నిలబడలేకపోతోంది. దీన్ని కూర్చోనివ్వండి," అన్నాడు.

ముప్పై ఆరేళ్ల కాపురంలో ఆ నోటి నుంచి తప్పు నాదే అన్న మాట వినడం పిన్నికి అదే మొదలు. ఆ మాట కోసం ఎన్నోసార్లు పోట్లాడింది. తీరా వచ్చాక, ఎందుకొచ్చిందా, ఈ జనం ముందు ఎందుకన్నాడా అనిపించింది. ఆయన మణికట్టు వదల్లేదు.

నిపుణుడు స్క్రూని చూశాడు, కుర్చీని చూశాడు, పత్రికవాళ్లని చూశాడు. కలం జేబులో పెట్టుకున్నాడు. "కర్ర విషయంలో మాత్రం నేను చెప్పింది అక్షరాలా నిజం," అన్నాడు. అది నిజమే కాబట్టి ఎవరూ కాదనలేదు. కమిటీ వెంటనే భోజనానికి బయల్దేరింది. వెనక వరసలోంచి ఒకావిడ గడగడని నిలదీసింది, "మరి షావుకారు భార్య చెంప ఆనించి ఏడ్చింది అన్నారు?" గడగడ కొంచెం కూడా తొణకలేదు. "ఏడ్చిందమ్మా, ఏడ్చింది. ఆ కుర్చీ వేరే," అని గుంపుని పూలతోటకి తోలుకెళ్లాడు.

సూపరింటెండెంటు నూట నలభై ఏడో నంబరు చీటీ తన చేత్తోనే తెంపాడు. పుస్తకంలో కొట్టివేతకి మూడు నెలలు పడుతుందట, పడనివ్వండి. "కూర్చో పిన్నీ," అన్నాడు. "నేను చూడ్డం లేదు." కిటికీ వైపు తిరిగి సరస్సుని చాలా శ్రద్ధగా చూడసాగాడు.

పిన్ని కూర్చుంది. రెండు పాదాలూ నేలకి సరిగ్గా ఆనాయి. ఎడమ వైపు కుర్చీ కాస్త ఊగింది, స్క్రూ వదులైంది మరి. తల ఎత్తి చూసేసరికి మొగుడు లేడు. మెట్లు దిగి వెళ్లిపోయాడు.

కార్డులు, కప్పులు దుకాణంలోంచి తీసేశారు. మేస్త్రీ మళ్లీ కిటికీ దగ్గర చేరాడు, కానీ దారినపోయే బండ్లని ఏమీ అనడం లేదు. గడ్డం పెరిగింది. పిన్నికి అది భరించలేకుండా ఉంది. తిట్టే మనిషి తిట్టకపోతే ఇల్లు ఇల్లులా ఉండదు. ఆదివారం పొద్దున్న డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది.

"ఇవాళ మీరు రారా?"

"దేనికి?" అన్నాడు కిటికీలోంచి కళ్లు తిప్పకుండా. "అక్కడేముంది ఇంక చూడ్డానికి?"

పిన్ని సంచి కింద పెట్టింది. "నెలల తరబడి వారం తప్పకుండా టిక్కెట్టు కొని, నాలుగు చెక్కల్ని చూసి వెళ్లారు. ఇరవై రెండేళ్లు నేను అక్కడ కూర్చున్నాను. నన్ను చూడ్డానికి ఒక్కనాడైనా టిక్కెట్టు కొన్నారా?"

మేస్త్రీ ఇటు తిరిగాడు. ఏదో అనబోయాడు, నేల వంకరనో గోడ వంకరనో. లేచి వెళ్లి గడ్డం గీసుకోవడానికి అద్దం ముందు నిలబడ్డాడు. చెయ్యి వణికి నురగ చెవికి అంటుకుంది.

"తెగుద్ది, ఇలా ఇవ్వండి," అని పిన్ని రేజరు లాక్కుంది. ఆ రోజు ఆవిడ డ్యూటీకి అరగంట ఆలస్యంగా వెళ్లింది. ఆయన టిక్కెట్ల వరసలో నిలబడి ఒక టిక్కెట్టు కొన్నాడు.